ప్రైవేట్ పార్కింగ్ నోటీసు, ఆ తర్వాత వసూలు కంపెనీ ఉత్తరాలు: ఏది పట్టించుకోవాలి, ఏది అక్కర్లేదు (ఇంగ్లండ్, వేల్స్)

కోవెంట్రీ_కొత్త
అందరికీ నమస్తే. రీటెయిల్ పార్కులో 2 గంటలు ఉచితం. కెమెరా లెక్క ప్రకారం కారు లోపల ఉన్నది 2 గంటల 31 నిమిషాలు. ఆ రోజు మార్చి 3, సోమవారం. నోటీసు మీద తేదీ మార్చి 14, శుక్రవారం. 100 పౌండ్లు కట్టమన్నారు, 14 రోజుల్లో కడితే 60. కారు నా పేరు మీద ఉంది, ఇన్సూరెన్సులో ముగ్గురి పేర్లున్నాయి. వాట్సాప్ గ్రూపులో కొందరు చించి పారెయ్ అంటున్నారు, కొందరు వీసాకు దెబ్బ, వెంటనే కట్టెయ్ అంటున్నారు. ఏం చేయాలో చెప్పగలరు.

చిత్రావతి
ఇద్దరి మాటా వినకండి. ముందు నోటీసు తల మీద ఏం రాసి ఉందో చూడండి. "పెనాల్టీ చార్జ్ నోటీస్" అని ఉండి పంపింది కౌన్సిల్ అయితే అది చట్టం వేసే జరిమానా. దాని దారి వేరు, ఈ చర్చలో చెప్పేవేవీ దానికి పనికిరావు. "పార్కింగ్ చార్జ్ నోటీస్" అని ఉండి పంపింది కంపెనీ అయితే అది జరిమానా కాదు. బోర్డు మీది షరతులకు ఒప్పుకుని కారు పెట్టారు, ఆ ఒప్పందం తప్పారు, కాబట్టి ఇంత ఇవ్వాలి అని అడిగే బిల్లు. రెండింటికీ పొట్టి పేరు పీసీఎన్ కావడంతోనే ఈ గందరగోళమంతా.

బిల్లే కదా అని తీసిపారేయడానికీ లేదు. చెల్మ్స్‌ఫర్డ్‌లో ఇలాంటి 2 గంటల ఉచిత పార్కింగ్‌లోనే 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు వేసిన 85 పౌండ్ల మీద పార్కింగ్‌ఐ కంపెనీకీ బీవిస్ అనే డ్రైవర్‌కీ మధ్య కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2015 నవంబరులో కంపెనీయే గెలిచింది. స్థలం ఖాళీ అవుతూ ఉండాలన్నది న్యాయమైన అవసరమేననీ, బోర్డులు పెద్దగా స్పష్టంగా ఉన్నాయనీ కోర్టు చెప్పింది. అంటే "ప్రైవేట్ వాళ్లకు అడిగే హక్కే లేదు" అనే వాదన చచ్చి పదేళ్లు దాటింది. మిగిలినవి నాలుగే: తేదీలు, నోటీసులోని మాటలు, బోర్డులు, డ్రైవర్ ఎవరన్నది.

చిత్రావతి
మీ తేదీల సంగతి విడిగా రాస్తున్నా, ఎందుకంటే మీ కేసులో అసలు ప్రాణం అక్కడే ఉంది.

కారు నడిపినవాళ్లు ఎవరో కంపెనీకి తెలియదు. వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏకి 2 పౌండ్ల 50 పెన్స్ కట్టి రిజిస్టర్డ్ కీపర్ (కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్లు) పేరు, చిరునామా తెచ్చుకుంటుంది. డ్రైవర్ మీదున్న బాకీని కీపర్ మీదికి మళ్లించాలంటే 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం, నాలుగో షెడ్యూల్ (అందరూ పోఫా అంటారు) చెప్పినవన్నీ పొల్లుపోకుండా చేయాలి. అద్దం మీద కాగితం పెట్టకుండా కెమెరాతో పట్టిన కేసుల్లో నోటీసు 14 రోజుల్లోపు మీ చేతికి అందాలి. పోస్టు చేయడం కాదు, అందడం. లెక్క మరుసటి రోజు నుంచి మొదలు.

మార్చి 4 ఒకటో రోజు. పద్నాలుగో రోజు మార్చి 17, సోమవారం. పోస్టులో వేసిన తర్వాత రెండో పనిదినాన అందినట్టు చట్టం అనుకుంటుంది. శుక్రవారం 14న వేస్తే శని, ఆదివారాలు లెక్కలోకి రావు, సోమవారం ఒకటి, మంగళవారం రెండు. అంటే 18న అందినట్టు. ఒక్క రోజు ఆలస్యం. గురువారం 13న వేసి ఉంటే సరిగ్గా 17న గడువు లోపల పడేది.

చాలామంది నోటీసు మీది తేదీ చూసి "11 రోజులకే వచ్చిందిగా" అనుకుని 60 కట్టేస్తారు. కంపెనీలు కూడా నోటీసు తేదీ చూపించే వాదిస్తాయి.

ఆలస్యమైతే నోటీసు రద్దు కాదు. డ్రైవర్ మీద బాకీ అలాగే ఉంటుంది, కీపర్‌ని అడిగే హక్కు మాత్రమే పోతుంది. అందుకే మీ ఉత్తరంలో ఎక్కడా డ్రైవర్ ఎవరో రాయకూడదు. తెలుగులో "కారు పార్క్ చేశాక షాపులో ఆలస్యమైంది" అంటే కర్త లేకుండానే వాక్యం నడిచిపోతుంది. ఇంగ్లీషులో రాయగానే చేయి తనంతట తానే "ఐ పార్క్‌డ్" అని రాసేస్తుంది. ఆ ఒక్క అక్షరంతో పోఫా రక్షణ మొత్తం పోతుంది. "డ్రైవర్", "కారు", "కీపర్‌గా నేను" అనే మాటలతోనే రాయండి. నడిపిన మనిషి పేరు చెప్పమని ప్రైవేట్ కంపెనీ మిమ్మల్ని బలవంతపెట్టలేదు.

అబద్ధం మాత్రం రాయొద్దు. చెప్పకపోవడం వేరు, "నేను నడపలేదు" అని లేనిది రాయడం వేరు. రేపు కోర్టులో "ఇది నిజం" అని సంతకం పెట్టాల్సి వస్తుంది.

గోదారి_గట్టు
దీనికి ఒక జాగ్రత్త కలుపుతున్నా. స్పీడింగ్‌కి పోలీసు నుంచి వచ్చే నోటీసుకు ఇదే సలహా పట్టుకెళ్లొద్దండి. అక్కడ డ్రైవర్ పేరు చెప్పకపోవడమే నేరం, లైసెన్సు మీద పాయింట్లు పడతాయి. బస్ లేన్, యూలెజ్ (లండన్ పొగ చార్జి), డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్ (థేమ్స్ దాటే చార్జి) నోటీసులు కూడా ప్రైవేట్ కావు. వాటిని వదిలేస్తే కోర్టు విచారణ లేకుండానే నిజమైన బెయిలిఫ్ (బాకీకి సామాను జప్తు చేసే అధికారం ఉన్నవాడు) ఇంటికొస్తాడు.

మానేరు
అప్పీలు తర్వాత సంగతి, ముందుగాల ఆ షాపు మేనేజర్‌ను కలవుండ్రి. రీటెయిల్ పార్కు అయితే స్థలం చూసుకునే మేనేజింగ్ ఏజెంట్ పేరు గేటు కాడి బోర్డు మీద ఉంటది. ఆ రోజు కొన్న రశీదుగానీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లైనుగానీ పెట్టి, "మీ కస్టమర్‌కు బిల్లు వచ్చింది, రద్దు చేయించండి" అని ఈమెయిల్ కొట్టాలె. వాళ్లు పార్కింగ్ కంపెనీకి ఒక్క మాట చెప్తే అయిపోతది. కోర్టు దాకా పోయినంక షాపోళ్లు చేతులెత్తేస్తరు, గందుకే మొదటి వారంలనే చేయాలె. ఇక్కడ కూడా డ్రైవర్ ఎవరో రాయొద్దు, ఆ మెయిల్ కంపెనీకి ఫార్వర్డ్ అయితది.

ఇగ ఆ 31 నిమిషాల సంగతి. కెమెరా లెక్కవెట్టేది గేటు నుంచి గేటు దాక. కారు ఆపి ఉంచిన టైమ్ అది కాదు. 2024 అక్టోబర్ల వచ్చిన ఉమ్మడి నియమావళి ప్రకారం లోపలికి వచ్చి బోర్డు చదువుకోవడానికి కనీసం 5 నిమిషాలు, టైమ్ అయినంక బయటికి పోవడానికి 10 నిమిషాలు ఇయ్యాలె. మీది 31 కాబట్టి దీంతోనే గట్టెక్కదు. బయటికి పోయే కాడ ట్రాఫిక్ ఆగిపోయి ఉంటే అది విడిగా రాయుండ్రి.

వంశధార
అప్పీలు క్రమం చెప్తాను. మొదటిది కంపెనీకే, నోటీసు వచ్చిన 28 రోజుల్లోపు, వాళ్ల వెబ్‌సైట్‌లోనే. డ్రాప్‌డౌన్‌లో "నేను డ్రైవర్‌ని", "నేను కీపర్‌ని" అని అడుగుతుంది, కీపర్ ఎంచుకోండి. పేజీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. 14 రోజుల్లోపు పెడితే, తిరస్కరించినా 60 పౌండ్ల అవకాశం సాధారణంగా మళ్లీ ఇస్తారు.

తిరస్కరణ వచ్చాక కంపెనీ ఏ పార్కింగ్ కంపెనీల సంఘంలో ఉందో చూడాలి. సంఘాలు రెండు, వాటి అప్పీళ్లు వినే సంస్థలూ రెండు. నోటీసు అడుగున గుర్తు ఉంటుంది. బీపీఏ అయితే పోప్లాకి వెళ్తారు, ఐపీసీ అయితే ఐఏఎస్‌కి. ఏది కావాలో మనం ఎంచుకోలేం. పోప్లా ఉచితం, తిరస్కరణ ఉత్తరంలో ఇచ్చే కోడ్‌తో 28 రోజుల్లోపు వేయాలి. అక్కడ గెలిస్తే కంపెనీ కట్టుబడాలి, ఓడితే మనం కట్టుబడనక్కర్లేదు. కానీ అక్కడిదాకా వెళ్తే 60 పోయి 100 అవుతుంది, అది తెలిసే వెళ్లాలి.

పోప్లాలో "చాలా కష్టాల్లో ఉన్నాను, దయచేసి రద్దు చేయండి" అని రాస్తే పోతుంది. వాళ్లు జాలితో నిర్ణయించరు. తలా ఒక శీర్షిక పెట్టి రాయండి: నోటీసు 14 రోజుల్లో అందలేదు, తేదీల లెక్క ఇదిగో, కీపర్ బాధ్యతను హెచ్చరించే వాక్యం చట్టంలో ఉన్నట్టు లేదు, ఈ స్థలంలో నోటీసులు వేసే అధికారం ఉన్నట్టు యజమానితో చేసుకున్న ఒప్పందం చూపించండి, బోర్డు మీద 100 పౌండ్ల అంకె ఎంత దూరం నుంచి కనిపిస్తుందో ఇదిగో ఫోటో. బోర్డుల ఫోటోలు ఇప్పుడే, అదే వేళకు వెళ్లి తీయండి. సాయంత్రం చీకట్లో జరిగినదానికి మధ్యాహ్నం ఎండలో తీసిన ఫోటో పనికిరాదు.

ఐఏఎస్ గురించి నా అభిప్రాయం అడిగితే, పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అక్కడ ఓడినా కోర్టులో మన వాదన అలాగే నిలబడి ఉంటుంది.

కోవెంట్రీ_కొత్త
చాలా థాంక్స్ అండీ. ఇంకొకటి. మా రూమ్మేట్ పాత నోటీసు ఒకటి ఇప్పుడు 170 అయింది. ఎర్ర అక్షరాలతో వేరే కంపెనీ నుంచి ఉత్తరాలు వస్తున్నాయి, "మీ ఇంటికి రావచ్చు" అన్నట్టు ఉంది. దీనికి జవాబు రాయాలా?

గోదారి_గట్టు
ఆ ఉత్తరాన్ని దగ్గర పెట్టుకుని నిదానంగా చదవండి. "రావచ్చు", "సిఫారసు చేయవచ్చు", "కోర్టు చర్య ఉండవచ్చు" అనే ఉంటుంది తప్ప "చేస్తాం" అని ఉండదు. పైన న్యాయదేవత బొమ్మ, పక్కన ఎర్ర పట్టీ, చదివితే గుండె దడే. కానీ అది వసూలు ఏజెంటు. కోర్టు తీర్పు లేకుండా ఇంట్లోకి వచ్చే హక్కు లేదు, వస్తువు ముట్టుకునే హక్కు లేదు, క్రెడిట్ ఫైల్లో రాసే వీలు లేదు. కొన్ని సంస్థలకు వసూలు విభాగం, బెయిలిఫ్ విభాగం, లాయర్ విభాగం ఒకే రకం పేర్లతో ఉంటాయి, అందుకే మనవాళ్లు బెయిలిఫే వచ్చేశాడని భయపడి అర్ధరాత్రి కార్డుతో 170 కట్టేస్తుంటారు. అంత బాధపడాల్సిన పనే లేదు.

100 మీద కలిపిన 70 "వసూలు ఖర్చు". పోఫా ప్రకారం కీపర్ నుంచి నోటీసులో రాసిన మొత్తానికి మించి అడగకూడదు. ఆ 70 విషయంలో జడ్జిలంతా ఒకే మాట మీద లేరు. కొందరు కొట్టేస్తారు, కొందరు ఇప్పిస్తారు.

వసూలు ఏజెంటుకు జవాబు రాయొద్దు, ఫోన్ ఎత్తొద్దు, "నెలకు 20 కడతా" అనొద్దు. ఉత్తరాలు మాత్రం తేదీల వారీగా ఒక కవరులో పెట్టండి. అసలు కాగితం వాటి మధ్యలోనే వస్తుంది.

చిత్రావతి
అసలు కాగితాలు రెండు.

ఒకటి, లాయర్ల నుంచి "లెటర్ ఆఫ్ క్లెయిమ్". జవాబుకు 30 రోజులు ఉంటాయి, వెంట జవాబు ఫారం, ఆదాయ వివరాల ఫారం వస్తాయి. ఆదాయం ఫారం నింపాల్సిన పని లేదు. బాకీ ఒప్పుకోవడం లేదని, కారణం ఇదని ఈమెయిల్ చేయండి. నోటీసు నకలు, బోర్డుల ఫోటోలు, యజమానితో ఒప్పందం అడగండి. ఇది వచ్చిందంటే వాళ్లు కోర్టు మెట్ల దగ్గర ఉన్నారన్నమాట.

రెండోది కోర్టు నుంచే వచ్చే క్లెయిమ్ ఫారం. దీన్ని పక్కన పెడితే మాత్రం మునిగినట్టే. 170 అసలు, 35 కోర్టు ఫీజు, 50 లాయరు ఖర్చు, కలిపి 255, పైన 8 శాతం చొప్పున వడ్డీ. ఫారం మీది "ఇష్యూ డేట్" పట్టుకుని లెక్క వేయండి. జూన్ 4 అనుకుందాం. 5 రోజులు కలిపితే 9న అందినట్టు. అక్కడి నుంచి 14 రోజులు, అంటే జూన్ 23 లోపు మనీక్లెయిమ్ వెబ్‌సైట్‌లో ఫారం మీది పాస్‌వర్డ్‌తో "అందింది, మొత్తం క్లెయిమ్‌ను వ్యతిరేకిస్తున్నాను" అని నమోదు చేయాలి. అలా చేస్తే డిఫెన్స్‌కు (మీ వాదన రాసిచ్చే కాగితానికి) గడువు అందిన నాటి నుంచి 28 రోజులు అవుతుంది, అంటే జూలై 7 సాయంత్రం 4 గంటలు.

ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే. నమోదు చేసేటప్పుడు పక్కన డిఫెన్స్ పెట్టె కనిపిస్తుంది. "వివరాలు తర్వాత పంపుతా" అని అందులో ఒక్క ముక్క రాసినా అదే మీ డిఫెన్స్ అయిపోతుంది. ఆ పెట్టె ఖాళీగా వదిలేయండి. డిఫెన్స్ విడిగా టైపు చేసి, సంతకం పెట్టి, తేదీ వేసి, పీడీఎఫ్ చేసి క్లెయిమ్ నంబరుతో కోర్టుకు ఈమెయిల్ చేయండి. ఆటోమేటిక్ రసీదు దాచండి.

క్లెయిమ్‌లో "షరతులు ఉల్లంఘించారు" అని ఒక్క ముక్క తప్ప ఏ షరతో, ఎలాగో లేకపోతే 2023లో లూటన్‌లో అప్పీలులో వచ్చిన చాన్ తీర్పును మొదటి పేరాలోనే చూపండి. అంత మొక్కుబడి క్లెయిమ్‌ను అక్కడ కొట్టేశారు.

పల్నాడు_కుర్రోడు
ఇంత అవసరమా అన్నా? ఎవరూ కోర్టుకెళ్లరు. ఏ ఉత్తరం వచ్చినా వదిలెయ్యడమే, ఆరేళ్లకి పోద్ది.

చిత్రావతి
తమ్ముడూ, 2012కు ముందు ఆ సలహా కొంత నడిచేది. ఇప్పుడు కట్టలు కట్టలుగా క్లెయిములు వేస్తున్నారు. ఎందుకంటే జవాబు ఇవ్వనివాళ్ల మీద విచారణ లేకుండా డిఫాల్ట్ తీర్పు వస్తుంది, వాళ్లకు కష్టమే లేదు. గట్టిగా డిఫెన్స్ వేసినవాటిలో చాలా కేసులు విచారణ ఫీజు కట్టే తేదీకి ముందు వాళ్లే వెనక్కి తీసుకుంటారు. వదిలేయడం వేరు, ఎదిరించడం వేరు. ఆరేళ్ల గడువు నిజమే, కానీ అది వాళ్లు క్లెయిమ్ వేయడానికి ఉన్న గడువు. ఆరో సంవత్సరం చివర్లో వేసేవాళ్లూ ఉన్నారు.

మానేరు
వదిలెయ్యమనేటోళ్లు డండీ సంగతి చదవాలె. ఒకే కాడ వందలసార్లు నోటీసులు వస్తే చెత్తబుట్టల వేసినందుకు 2017ల అక్కడి షెరిఫ్ కోర్టు 24,500 పౌండ్లు కట్టుమన్నది.

క్లైడ్_తీరం
డండీ అన్నారు కాబట్టి: స్కాట్లండ్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో పోఫా కీపర్ నిబంధన వర్తించదు. అక్కడ కంపెనీ అడగగలిగేది డ్రైవర్‌నే. గ్లాస్గో, ఎడిన్‌బరాలో ఉన్నవాళ్లకు డ్రైవర్ పేరు చెప్పకపోవడమే మొదటి రక్షణ. స్కాట్లండ్‌లో క్లెయిముకు గడువు ఆరు కాదు, ఐదేళ్లు. ఇంగ్లండ్ టెంప్లేట్ ఉత్తరాలు కాపీ కొట్టి పంపకండి.

ఇంగ్లండ్‌లో కూడా విమానాశ్రయాల రోడ్లు, చాలా రైల్వే స్టేషన్ల స్థలాలు బైలాస్ (ఆ స్థలాలకే ఉండే ప్రత్యేక నిబంధనలు) కింద ఉంటాయి. అవి పోఫా లెక్కలో "రెలెవెంట్ ల్యాండ్" కావు, కాబట్టి అక్కడా కీపర్ బాధ్యత రాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలను దించుకోవడానికి వెళ్లినప్పుడు వచ్చే "ఆగకూడని చోట ఆగారు" నోటీసుల్లో ముందు ఇదే చూడండి.

వంశధార
వీసా భయం గురించి ఎవరూ చెప్పలేదు. ప్రైవేట్ పార్కింగ్ బిల్లుగానీ, దాని మీద వచ్చే సీసీజే (కౌంటీ కోర్టు తీర్పు) గానీ క్రిమినల్ శిక్ష కాదు. దెబ్బ తగిలేది క్రెడిట్ ఫైలుకి. తీర్పు వచ్చిన నెలలోపు మొత్తం కట్టేస్తే రిజిస్టర్ నుంచి పూర్తిగా తీసేస్తారు. నెల దాటితే ఆరేళ్లు ఉంటుంది. ఇల్లు అద్దెకు అడిగినా, మార్ట్‌గేజ్ అడిగినా, ఫోన్ కాంట్రాక్టు అడిగినా కనిపిస్తుంది.

మనవాళ్లకు సీసీజే ఎక్కువగా పడేది ఓడిపోయి కాదు, ఇల్లు మారి. మాస్టర్స్ అయిపోగానే లెస్టర్ నుంచి రెడింగ్‌కో, అక్కడి నుంచి హైదరాబాద్‌కో వెళ్లిపోతారు. ఉత్తరాలన్నీ పాత షేర్డ్ హౌస్ గుమ్మంలో పడి ఉంటాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. వీ5సీ లాగ్‌బుక్‌లో (కారు రిజిస్ట్రేషన్ కాగితంలో) చిరునామా మార్చాం కదా అనుకుంటారు. కంపెనీ డీవీఎల్ఏని అడిగేది ఒక్కసారే, నోటీసు పంపేటప్పుడు. తర్వాత మీరు మార్చినా వాళ్ల దగ్గర పాతదే ఉంటుంది. కాబట్టి నోటీసు పెండింగులో ఉండగా ఇల్లు మారితే పార్కింగ్ కంపెనీ డేటా ప్రొటెక్షన్ అధికారికి, వసూలు కంపెనీకి, లాయర్లకు ముగ్గురికీ విడివిడిగా "ఇదీ కొత్త చిరునామా, పాతది తొలగించండి" అని ఈమెయిల్ చేయాలి. లైసెన్సు చిరునామా, వీ5సీ చిరునామా రెండూ వేర్వేరు, రెండూ మార్చాలి. మార్చకపోతే దానికే 1,000 పౌండ్ల దాకా జరిమానా ఉంది.

పాత చిరునామాకు వెళ్లి డిఫాల్ట్ తీర్పు వచ్చేసిందని తెలిస్తే ఎన్244 ఫారంతో తీర్పు రద్దు అడగాలి. ఫీజు 300 పౌండ్లకు పైనే ఉంటుంది, తక్కువ ఆదాయం ఉంటే ఫీజు మినహాయింపు అడగొచ్చు. తెలిసిన రోజు నుంచి ఎంత త్వరగా కదిలారన్నది జడ్జి చూస్తారు. "రెండు నెలలు ఆలోచించాను" అంటే కుదరదు. దరఖాస్తుతో పాటు కౌన్సిల్ టాక్స్ బిల్లో టెనెన్సీ ఒప్పందమో పెట్టి ఆ తేదీకి అక్కడ లేనని చూపాలి, వేయబోయే డిఫెన్స్ ముసాయిదా కూడా జత చేయాలి.

కోవెంట్రీ_కొత్త
విచారణ దాకా వెళ్లి ఓడితే ఎంత అవుతుంది? లాయర్ల ఫీజులు వేలల్లో పడతాయని ఒకరు భయపెట్టారు.

గోదారి_గట్టు
పడవండి. స్మాల్ క్లెయిమ్స్‌లో (చిన్న మొత్తాల కోర్టు కేసుల్లో) ఖర్చులకు హద్దు ఉంది. 100 అసలు, 35 ఫీజు, 50 లాయరు, 300 లోపు క్లెయిముకు విచారణ ఫీజు 27. మొత్తం 212. ఆ 70 కూడా ఇప్పిస్తే 282, కాస్త వడ్డీ. మరీ అడ్డగోలుగా ప్రవర్తిస్తే తప్ప అంతకు మించి వేయరు. డిఫెన్స్ తర్వాత ఎన్180 ఫారం వస్తుంది, అందులో మీ ఊరి దగ్గరి కోర్టు రాయండి. 2024 మే నుంచి ఫోన్‌లో మీడియేషన్ (రాజీ ప్రయత్నం) తప్పనిసరి. ఫోన్ ఎత్తాలి, డబ్బు ఒప్పుకోనక్కర్లేదు. "నా డిఫెన్స్‌లో ఉన్నదే నా మాట, సున్నా ఇస్తాను" అన్నా చాలు. ఎత్తకపోతే మాత్రం జడ్జి తప్పు పట్టవచ్చు.

కోవెంట్రీ_కొత్త
నోటీసు వచ్చిన కవరు ఇంకా ఉంది. దాని మీద పోస్టు గుర్తు ఏదో ఉంది కానీ తేదీ సరిగ్గా కనిపించడం లేదు. పారేయొచ్చా?

చిత్రావతి
అస్సలు పారేయొద్దు. నోటీసు తేదీ ఒకటి, ప్రింటు చేసే సంస్థ పోస్టులో వేసిన తేదీ ఇంకొకటి కావచ్చు. కిటికీ పక్క వెలుతురులో రెండు వైపులా ఫోటో తీసి, కవరును నోటీసుకే పిన్ కొట్టి ఉంచండి. అప్పీలులో "పోస్టు చేసిన తేదీకి రుజువు చూపించండి" అని అడగండి, అది చూపించాల్సింది వాళ్లే. ఈ వారంలోనే కీపర్‌గా పెట్టేయండి. తిరస్కరణ వస్తే మీ పేరు, కారు నంబరు, రిఫరెన్సు నంబరు, పోప్లా కోడ్ చెరిపేసి ఇక్కడ పెట్టండి, పేరా పేరా చూద్దాం.